ఇంకో సిట్టింగ్: తాగుడు మానాలనుకునేవారి మీటింగులు ఎక్కడ దొరుకుతాయి, లోపల ఏం జరుగుతుంది

‘సిట్టింగ్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో నిఘంటువులకు ఎక్కని అర్థం ఒకటి స్థిరపడింది. సాయంత్రం సిట్టింగ్ ఉందంటే ఇక వివరించనక్కర్లేదు: నలుగురు స్నేహితులు, మేడ మీద గది, సీసా, గ్లాసులు, మిక్చరు పొట్లం. తెలంగాణలో దావత్ అనే మాట చేసే పనీ చాలాసార్లు ఇదే. విచిత్రమేమిటంటే ఆ మాటలో మద్యం ఊసే లేదు, కూర్చోవడం ఒక్కటే ఉంది. తాగుడు వ్యసనంగా ముదిరిన మనిషి చివరికి ఒంటరిగా వైన్ షాపు పక్కన నిలబడి క్వార్టర్ గొంతులో పోసుకునే దశకు చేరవచ్చు గాని, మొదలు మాత్రం సాధారణంగా కూర్చోవడంతోనే. అందుకే మానాలనుకునేవారు సీసాతోపాటు సాయంత్రాలను కూడా పోగొట్టుకుంటారు. ఆరున్నర మొదలు తొమ్మిది దాకా ఏం చేయాలో, ఎవరితో ఉండాలో తెలియని ఆ ఖాళీ ఎంత బరువైనదో, మానడానికి ప్రయత్నించి ఓడిపోయినవారిని అడిగితే తెలుస్తుంది. తాగుడు మానాలనుకునేవారే కలిసి నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం, పొడి అక్షరాల్లో ఏఏ, జరిపే మీటింగుల్లో ఎక్కువ భాగం ఆ వేళకే జరుగుతాయి. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, ఫ్లాస్కులో టీ, గంటో గంటన్నరో మాటలు. ఇదీ ఒక సిట్టింగే, సీసా లేని సిట్టింగ్.

ఈ మీటింగుల అవసరం ఎంతమందికి ఉందో చెప్పే అంకెలు ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల లోపు వారిలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారు. ఆ అలవాటు హాని చేసే స్థాయికో, వదల్లేని స్థాయికో చేరినవారు 5.7 కోట్లు. అందులో సగం మంది మందు పడకపోతే రోజు గడవని స్థితిలో ఉన్నవారు. ఆ చివరి కోవకు చెందినవారిలో ఏదో ఒక రకమైన చికిత్స అందినట్టు చెప్పినది 38 మందికి ఒక్కరు; ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందికి ఒక్కరు. డాక్టర్లు, పడకలు, డబ్బు, తీరిక అన్నీ కొరతగా ఉన్నచోట ఫీజు లేని, రిజిస్టరు లేని, అపాయింట్‌మెంట్ అక్కర్లేని మీటింగు చాలా విలువైనది. అయినా పదేళ్లుగా తాగుడుతో సతమతమయ్యే కుటుంబాలకు సైతం తమ ఊళ్లో అలాంటిది జరుగుతోందన్న సంగతి తెలియకపోవడం సర్వసాధారణం.

తెలియకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఆ సంస్థ పెట్టుకున్న నియమమే. ఏఏ 1950లో క్లీవ్‌లాండ్ సమావేశంలో ఆమోదించుకున్న పన్నెండు సంప్రదాయాల్లో ఒకటి ప్రచారం వద్దంటుంది. చూసినవారు ఆకర్షితులై రావాలే గాని పిలిచి, ఊదరగొట్టి రప్పించకూడదని దాని భావం. పత్రికలకు, రేడియోకు, సినిమాకు సభ్యులు తమ పేరు ఇవ్వరాదని కూడా అందులోనే ఉంది. ఇంకో సంప్రదాయం ప్రకారం సంఘం తన పేరును ఏ ఆస్పత్రికీ, ఏ వ్యాపారానికీ అరువు ఇవ్వదు. మరొకటి బయటివారి విరాళాలు వద్దంటుంది. ఖర్చులన్నీ సభ్యులే పెట్టుకోవాలి. హోర్డింగు కనబడదు, అంబాసిడర్‌గా సినిమా తార ఉండదు, ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యే రాడు. మన దగ్గర ఒక పని జరుగుతోందని పదిమందికి తెలిసే దారులన్నీ ఈ సంఘం తనకు తానే మూసుకుంది. పరువు భయంతో ముఖం దాచుకుని వచ్చే మనిషికి లోపల కూర్చోగల ధైర్యం ఇచ్చేదీ ఆ గోప్యతే, బయట ఉన్నవారికి చిరునామా దొరక్కుండా చేసేదీ ఆ గోప్యతే. ఒకటి కావాలంటే రెండోదాన్ని భరించక తప్పదు.

నిజానికి ఈ సంఘం పుట్టుకే ఇలాంటి వెతుకులాటతో జరిగింది. 1935 మే నెలలో న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్, ఒక వ్యాపార వ్యవహారం బెడిసికొట్టి, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలో ఓ హోటల్లో ఒంటరిగా మిగిలాడు. అప్పటికి ఆయన తాగుడు మాని కొన్ని నెలలే అయింది. హోటల్ వరండా చివరన బారు, అందులోంచి నవ్వులు. తనకు కావలసింది మరో గ్లాసు కాదు, తనలాగే తాగుడుతో నలిగిపోతున్న మరో మనిషి అని ఆయనకు తట్టింది. అక్కడ వేలాడదీసిన చర్చిల జాబితా చూసి ఫోన్లు మొదలుపెట్టాడు. ఒకరి నుంచి మరొకరికి సాగిన ఆ ఫోన్లు చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గర ఆగాయి. పదిహేను నిమిషాలు మాత్రమేనంటూ వచ్చిన ఆ డాక్టరు కొన్ని గంటలపాటు కూర్చుండిపోయాడు. బాబ్ స్మిత్ చివరిసారి తాగినట్టు చెప్పే 1935 జూన్ 10ని ఏఏ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. భారతదేశంలో ఈ మీటింగులు 1957లో మొదలయ్యాయి. ఇప్పుడు దాదాపు 180 దేశాల్లో జరుగుతున్నాయి. ఆనాటి కథలో గమనించవలసింది మహిమ కాదు, ఫోను. తాగుబోతు కోసం మరో తాగుబోతు ఫోను చేయడం అన్నదే నేటికీ ఈ వ్యవస్థకు మూలం.

చిరునామా దొరికే దారులు మూడు నాలుగు ఉన్నాయి. ఏఏ భారతదేశ విభాగపు వెబ్‌సైటులోనూ, నగరాలవారీ హెల్ప్‌లైన్లలోనూ మీటింగుల వేళలు తెలుస్తాయి. ఆ ఫోన్లు ఎత్తేది జీతగాళ్లు కాదు, సాధారణంగా సభ్యులే. రెండో దారి మానసిక వైద్య విభాగాలు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాస్పత్రుల సైకియాట్రీ విభాగాలు వంటి చోట్ల తాగుడు సమస్య చూసే డాక్టరునో కౌన్సెలర్‌నో అడిగితే, దగ్గర్లో నడిచే గ్రూపు గురించి తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. మత్తు విముక్తి కోసం ప్రభుత్వం పెట్టిన 14446 అనే ఉచిత నంబరు, 2022 అక్టోబరులో మొదలై తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇంకో దారి. ఇవి ఏఏవి కావు గాని, ఎటు వెళ్లాలో తెలియని రాత్రి మొదట నొక్కదగిన నంబర్లు. చివరిది, అన్నింటికంటే బలమైనది, ఇదివరకే వెళ్తున్న మనిషి. మన వీధిలోనే తాగుడు మానేసి నాలుగేళ్లుగా నిలబడిన ఆటోడ్రైవరో బ్యాంకు ఉద్యోగో ఉంటే, ఎలా మానావని ఏకాంతంగా అడగడానికి పెద్దగా సిగ్గుపడనక్కర్లేదు.

చిరునామా చీటీ చేతిలో పెట్టడానికీ, వెంటబెట్టుకుని తీసుకుపోవడానికీ ఉన్న తేడాను 1981లో అమెరికాలో జరిగిన ఓ చిన్న ప్రయోగం బయటపెట్టింది. చికిత్సకు వస్తున్న 20 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మీటింగుల వివరాలు చెప్పి వెళ్లమని సలహా ఇచ్చారు. రెండో జట్టులోని వారికి కౌన్సెలర్ గదిలోంచే ఏఏ సభ్యుడితో ఫోనులో మాట్లాడించి, ఆ సభ్యుడే తోడు వచ్చేలా ఏర్పాటు చేశారు. రెండో జట్టులో అందరూ వారం తిరక్కుండా మీటింగుకు వెళ్లారు. మొదటి జట్టులో ఒక్కరూ వెళ్లలేదు. ఇరవై మందితో జరిగిన ప్రయోగం ఏదీ రుజువు చేయదని ఎవరైనా అనవచ్చు, అది న్యాయమే. అయినా చీటీ జేబులో పెట్టుకుని గేటు దాకా వెళ్లి వెనుదిరిగినవారికి ఈ ఫలితం చూసి ఆశ్చర్యం కలగదు. కాబట్టి ఫోను చేసినప్పుడు వేళ, స్థలం అడిగి పెట్టేయడం కంటే, గేటు దగ్గర ఎవరైనా కలవగలరా అని అడగడం తెలివైన పని. మీటింగు ఏ భాషలో నడుస్తుంది, ఈ వారం అదే చోట జరుగుతోందా అన్నవి కూడా అడిగి తీరవలసినవే. నగరాల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిసి నడిచే గ్రూపులు ఉంటాయి. అద్దె గదుల్లో నడిచేవి కాబట్టి చోటు మారడమూ మామూలే. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది మరో ప్రశ్న. ఓపెన్ అంటే కుటుంబ సభ్యులు, విద్యార్థులు, ఎవరైనా వచ్చి వినవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలన్న కోరిక ఉన్నవారికి మాత్రమే. భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన భార్యను క్లోజ్డ్ మీటింగు గుమ్మం దగ్గర ఆపితే ఆ రోజు ఇద్దరూ ఇంటికి వెళ్లిపోవడమే జరుగుతుంది.

మీటింగుకు ముందు శరీరం సంగతి ఒకటి ఉంది. దీన్ని దాటవేసి నేరుగా మీటింగు గురించి మాట్లాడే వ్యాసాలు పాఠకుడికి అపకారం చేసినట్టే. పొద్దున్నే కొంచెం వేస్తే గాని చేతి వణుకు ఆగని స్థాయిలో ఉన్న మనిషి ఒక్కసారిగా మానేస్తే, కొన్ని గంటల్లోనే చెమటలు, దడ, వణుకు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి స్థలకాలాలు తెలియని కలవరం, లేనివి కనిపించడం, వినిపించడం వస్తాయి. సకాలంలో వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం. 2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్ కారణంగా మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఆస్పత్రికి ఇలాంటి లక్షణాలతో జనం బారులు తీరడం పత్రికల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో ఇంకో ప్రత్యేక ప్రమాదం ఉంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలపడం ఏళ్లుగా ఉన్నదే. అది అలవాటైన శరీరం మానినప్పుడు పడే యాతన ఒట్టి మద్యం మానినప్పటి యాతన కంటే చిక్కైనది. కల్లే కదా అని తేలిగ్గా తీసుకోవడం అందుకే తప్పు. మీటింగులో ఉన్నవారు డాక్టర్లు కారు, మందులు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మొదటి వారం డాక్టరుది, ఆ తర్వాతి సంవత్సరాలు మీటింగువి అనుకుంటే రెండింటి మధ్య తగవు ఉండదు. తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది కాబట్టి, ఈ చికిత్స ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అడిగే హక్కు ఉన్నది.

ఇక లోపలి సంగతి. సాధారణంగా పదిహేను ఇరవై మంది, కొన్నిచోట్ల అయిదారుగురే. ఆ రోజుకు అధ్యక్షత వహించే సభ్యుడు సంఘాన్ని పరిచయం చేసే చిన్న పాఠం చదువుతాడు. ఆ తర్వాత ఒక్కొక్కరు మాట్లాడతారు. ప్రతివారూ మొదట తమ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని అంటారు. తెలుగులో ఈ వాక్యం బరువు వేరు. ‘తాగుబోతు’ అనేది ఇతరులు మనల్ని తిట్టే మాట. ఇంట్లో, బజారులో, పంచాయితీలో వందసార్లు విన్న మాట. తనంతట తాను అన్నప్పుడు, విన్నవారంతా తల ఊపి ఆప్యాయంగా తిరిగి పలకరించినప్పుడు, ఆ తిట్టులోని విషం కొంత విరుగుతుంది. ఇంగ్లీషు మాటే వాడుకలో నిలిచిపోవడానికి తెలుగు మాట మోసుకొచ్చే అవమానమే కారణం కావచ్చు. మొదటిసారి వచ్చినవారు ఏమీ మాట్లాడకపోయినా తప్పు పట్టేవారు ఉండరు. పేరు కూడా చెప్పకుండా వింటూ కూర్చోవచ్చు.

కొత్తవారిని అన్నింటికంటే ఆశ్చర్యపరిచేది, అక్కడ ఎవరూ సలహా ఇవ్వకపోవడం. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలరాదు, అయ్యాక వ్యాఖ్యానించరాదు; ఎవరైనా చెప్పగలిగింది తన అనుభవమే. మన సమాజంలో తాగే మనిషికి సలహాలకు కొదవ ఉండదు. మామగారు, మేనమామ, ఆఫీసులో పైఅధికారి, చివరకు మందు అమ్మే కుర్రాడు కూడా తగ్గించు అన్నా అని చెబుతాడు. అవన్నీ విని విని మొద్దుబారిన చెవికి, తప్పతాగి పిల్ల పెళ్లి చూపులనాడు ఏం చేశాడో ఒకాయన తలదించుకోకుండా చెబుతుంటే వినడం కొత్త అనుభవం. ఆ కథలో తన కథ కనిపించడం ఇక్కడ జరిగే అసలు పని. చివర్లో ఒక బుట్టో టోపీయో తిరుగుతుంది. వేయాలనుకున్నవారు పదో ఇరవయ్యో వేస్తారు, కొత్తవారు వేయనక్కర్లేదు. ముగింపుగా ఒక చిన్న ప్రార్థన ఉంటుంది: మార్చలేనివాటిని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యం, రెండింటికీ తేడా తెలిసే వివేకం ఇమ్మని. నెల, మూడు నెలలు, ఏడాది నిండినవారికి గుర్తుగా పతకాల్లాంటి బిళ్లలు ఇచ్చే ఆనవాయితీ చాలా గ్రూపుల్లో ఉంది. మానేసిన రోజును పుట్టినరోజుగా జరుపుకుంటారు. యాభై అయిదేళ్ల మనిషి తన రెండో పుట్టినరోజుకు కేకు కోయడం బయటివారికి నవ్వు తెప్పించవచ్చు. ఆ రెండేళ్లు ఎలా గడిచాయో ఇంటివారికి తెలుసు.

ప్రార్థన ప్రస్తావన వచ్చింది కాబట్టి దేవుడి సంగతి కూడా తేల్చుకోవాలి. కోలుకోవడానికి ఏఏ చూపే పన్నెండు మెట్లలో సగం దేవుణ్నో, మనకంటే పెద్దదైన శక్తినో ప్రస్తావిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉద్యమపు నీడలో ఈ సంఘం రూపుదిద్దుకుంది. దానికి తోడు మీటింగులు తరచుగా చర్చిల ఆవరణలోనో మిషన్ పాఠశాలల్లోనో జరుగుతాయి, చవకగా గది దొరికేది అక్కడే కాబట్టి. ఇదేదో మతం మార్చే వ్యవహారమని మన ఊళ్లలో అనుమానం రావడంలో వింత లేదు. సంఘం చెప్పేది వేరు: దేవుడంటే ఎవరికి ఎలా అర్థమైతే అలా, వెంకటేశ్వరుడైనా అల్లా అయినా ఆ గదిలోని గుంపే అయినా సరే, సభ్యత్వానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే. ఈ వివరణలో నిజాయితీ ఉంది, కానీ నాస్తికుడికి అది పూర్తి సమాధానం కాదు. అమెరికాలో తాగి బండి నడిపి పట్టుబడినవారిని, ఖైదీలను ఈ మీటింగులకు బలవంతంగా పంపిన సందర్భాల్లో, 1996 నుంచి అక్కడి పైకోర్టులు పలుమార్లు అది రాజ్యాంగం ఇచ్చిన మతస్వేచ్ఛకు విరుద్ధమన్నాయి. స్వచ్ఛందంగా వెళ్లేవారికి ఆ తీర్పులతో పని లేదు గాని, హాజరు కాగితం మీద సంతకం కోసం మీటింగులో కూర్చోవలసి వచ్చిన ప్రవాస తెలుగు యువకుడికి అవి పనికొచ్చే విషయమే. దేవుడి మాట గిట్టనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ వంటి లౌకిక బృందాలున్నాయి. వాటి మీటింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, చాలావరకు ఇంగ్లీషులో. తెలుగు మాత్రమే వచ్చిన నాస్తికుడికి దారి ఇంకా ఇరుకే.

దేవుడితో ముడిపెట్టి తాగుడు మానడం మనకు కొత్తది కాదు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, భజన, తోటి స్వాముల సహవాసం: మీటింగు ఇచ్చేవి చాలావరకు దీక్షలోనూ ఉన్నాయి. మాల వేసుకున్నవాణ్ని తాగమని ఎవరూ బలవంతపెట్టరు, అది ఇంకా పెద్ద సాయం. చిక్కంతా మాల తీశాక వస్తుంది. దీక్షకు గడువు ఉంది, గడువు తీరిన సాయంత్రం పాత సిట్టింగ్ ఎదురుచూస్తూ ఉంటుంది. పిల్లల తల మీద వేసే ఒట్లకు, గుళ్లో చేసే ప్రమాణాలకు మరో చిక్కు: అవి జీవితాంతానికి వేసేవి, ఒక్కసారి తప్పితే పాపభారంతో మనిషి ఇంకా కూరుకుపోతాడు. ఏఏ ఈ రెంటికీ భిన్నమైన లెక్క పెట్టుకుంది. ఇవాళ ఒక్కరోజు, ఇరవైనాలుగు గంటలు. రేపటి సంగతి రేపు. తప్పినవాడు మళ్లీ వచ్చి ఒకటో రోజని చెబుతాడు, గదిలో ఎవరూ ముఖం మాడ్చరు. దీక్షకు ముగింపు ఉంది, ఒట్టుకు క్షమాపణ లేదు. మీటింగుకు మొదటిది లేదు, రెండోది ఉంది. తెలుగునేల చూసిన మరో ప్రయత్నం కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారి తీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ స్త్రీలు చేసింది దుకాణం మీద యుద్ధం, దాని విలువ దానిది. దుకాణం తెరిచి ఉన్నా మూసి ఉన్నా లోపల దాహం మిగిలే మనిషి గురించినది ఈ రెండో పని, దీనికి ఊరేగింపులు ఉండవు.

ఇది పనిచేస్తుందా? చాలాకాలం దీనికి తృప్తికరమైన జవాబు లేదు. 2006లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష స్పష్టమైన రుజువు కనబడలేదనే తేల్చింది. 2020లో అదే సంస్థ వెలువరించిన కొత్త సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని లెక్కలోకి తీసుకుంది. మనుషుల్ని ఒక పద్ధతి ప్రకారం ఏఏతో కలిపే చికిత్సలు పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు 42 శాతం. ప్రవర్తనా చికిత్స వంటి ఇతర పద్ధతుల్లో 35 శాతం. ఏడు శాతం తేడా చిన్నది కాదు, మహిమా కాదు. రెండు జట్లలోనూ సగానికి మించి మళ్లీ తాగారన్న సంగతి అదే లెక్కలో ఉంది. తాగిన రోజుల సంఖ్య, తాగిన మోతాదు వంటి ఇతర కొలమానాల్లో ఏఏ మిగతా పద్ధతులతో దాదాపు సమానంగా నిలిచింది. ఇవి ఎక్కువగా అమెరికాలో, చికిత్సకు వచ్చినవారి మీద జరిగిన అధ్యయనాలు కాబట్టి, గుంటూరులో తనంతట తాను మీటింగుకు నడిచి వచ్చిన మనిషికి ఆ శాతాలు యథాతథంగా వర్తిస్తాయనడం తొందరపాటే అవుతుంది. ఎందుకు పనిచేస్తుందన్న విషయంలో పరిశోధకులకు దొరికిన జవాబు మాత్రం మనవాళ్లకు సులువుగా అర్థమయ్యేది. మెట్లు, ప్రార్థనలు, పుస్తకాలు అన్నింటికంటే ఎక్కువగా పనిచేసేది సహవాసం మారడం: తాగే స్నేహితులు తగ్గి, తాగని స్నేహితులు పెరగడం. అంటే సిట్టింగే మారడం.

స్త్రీల పరిస్థితి గురించి కొంత వేరుగా చెప్పుకోవాలి. ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం తాగేవారు పురుషుల్లో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. ఈ నిష్పత్తి వల్ల మన ఊళ్లలో చాలా మీటింగులు పూర్తిగా మగవారితో నిండి ఉంటాయి. తాగుడు సమస్య ఉన్న స్త్రీ అందులోకి ఒంటరిగా అడుగుపెట్టడం ఎంత కష్టమో వివరించనక్కర్లేదు. 2020 తర్వాత విస్తరించిన జూమ్ మీటింగులు, వాటిలో స్త్రీలకే ప్రత్యేకించినవి, ఇక్కడ నిజంగా మేలు చేశాయి. కెమెరా తీసేసి వినవచ్చు. కొత్తగా వచ్చినవారి బలహీన స్థితిని పాత సభ్యులు కొందరు వాడుకోజూసే ప్రమాదం ప్రపంచంలో ఏ గ్రూపుకైనా ఉన్నదే. అందుకే దారి చూపే పాత సభ్యుడిగా, అంటే స్పాన్సర్‌గా, స్త్రీలకు స్త్రీలే ఉండాలన్న ఆనవాయితీని గట్టిగా పాటించడం మంచిది. మరోవైపు, తాగే భర్త కోసమో కొడుకు కోసమో మొదట వెతకడం మొదలుపెట్టేది సాధారణంగా ఇంటి ఆడవారే. వారికి వేరే మీటింగు ఉంది. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకరితో కలిసి 1951లో స్థాపించిన ఆల్‌అనాన్ తాగేవారి కుటుంబాల కోసం పుట్టింది. ఇంటి మగవాడు మీటింగుకు రానన్నా ఆమె తన మీటింగుకు వెళ్లవచ్చు. తాగుడు మాన్పించే మాత్రలను చెప్పకుండా కూరలో కలపడం వంటి పనులకు తెగించే దశలో ఉన్నవారు ముందుగా అక్కడికి వెళ్లడం మేలు. ఆ మాత్ర కడుపులో ఉండగా మందు తాగితే ప్రాణం మీదకు రావచ్చని తెలియక చాలామంది ఆ పని చేస్తున్నారు.

మొదటి మీటింగు నచ్చకపోవడం మామూలే. ఒక గ్రూపులో ఇంగ్లీషు ఎక్కువ, మరోదానిలో ఒకే పెద్దమనిషి గంటసేపు ఉపన్యాసం, ఇంకోచోట అందరూ అరవై దాటినవారు. గ్రూపుల మీద అజమాయిషీ చేసే పై కార్యాలయం లేదు కాబట్టి నాణ్యత గ్రూపుకో తీరుగా ఉంటుంది. మనోవైద్యుడు రాసిన మాత్రలు కూడా మానేయమని చెప్పే అత్యుత్సాహులు అక్కడక్కడ తగులుతారు; ఆ సలహా సంఘం సిద్ధాంతం కాదు, దాన్ని పట్టించుకోకూడదు. ఒక్క మీటింగు చూసి తీర్పు చెప్పేకంటే నాలుగైదు చోట్ల ఆరేడుసార్లు కూర్చుని చూడటం న్యాయం. కొత్తవారికి తొంభై రోజుల్లో తొంభై మీటింగులని పాతవారు చెప్పే మాట హైదరాబాద్ వంటి నగరంలో, ఆన్‌లైన్ తోడుంటే, సాధ్యమే. మండల కేంద్రంలో ఉండేవారికి వారానికొక్క మీటింగు కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కవలసి రావచ్చు. అలాంటివారు మిగతా ఆరు రోజులకు ఫోను మీద ఆధారపడాలి.

ఆ ఫోను నంబర్లు దొరికేది మీటింగులో కాదు, మీటింగు అయ్యాక. ప్రార్థన ముగిసి కుర్చీలు సర్దుతున్నప్పుడు, గేటు బయట టీ బండి దగ్గర, ఎవరెవరు ఎటువైపు వెళ్తున్నారో అడుక్కునే ఆ పావుగంటలో. సిగ్గుకొద్దీ ముగియగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవారు ఆ పావుగంటను పోగొట్టుకుంటారు. అప్పటికి రాత్రి ఎనిమిది. ఇంటికి వెళ్లే దారిలో వైన్ షాపు ఇంకా తెరిచే ఉంటుంది. పదింటిదాకా ఎప్పుడైనా ఫోను చెయ్యి తమ్ముడూ అంటూ ఒకాయన కాగితం ముక్క మీద నంబరు రాసి జేబులో పెట్టేది అప్పుడే.